కొండ చెరిగిన ఫోటో

నాకు అన్నం పెట్టింది నా కన్ను అని అందరూ అంటారు. రిటైరైన రోజు శాలువా కప్పినవాళ్లు కూడా అదే మాట అన్నారు. నాకు లోపల నవ్వొచ్చింది. నా కుడికన్ను మొదటి నుంచీ మందమే. నాకు అన్నం పెట్టింది నా నడుము.

తిరుపతి గాంధీ రోడ్డులో ఒక స్టూడియోలో చేరి, అక్కడే తల నెరిసి, అక్కడి నుంచే ఇంటికి వచ్చిన ఫోటోగ్రాఫర్ని నేను. పేరు గురవయ్య. ఊరు పాకాల. పెళ్లిళ్లు, గుండు కొట్టించుకున్న పిల్లలు, కాణిపాకం వెళ్లొచ్చి బొట్టు చెరగక ముందే ఫోటో దిగాలని పరిగెత్తుకొచ్చే కుటుంబాలు, ఇవన్నీ తీశాను. వాటి గురించి రాయను. కెమెరా పట్టుకుని కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మీరూ తీస్తారు, మీకూ తెలుస్తాయి. నేను రాసేది రేణిగుంటలో విమానాలు తీసిన సంగతి. డెబ్బైల చివర, ఎనభైల మొదట్లో నేను నేర్చుకున్న పని అంటూ ఏదైనా ఉంటే అక్కడే నేర్చుకున్నాను.

దాన్ని పానింగ్ అంటారు. కదిలే వస్తువుతో పాటు కెమెరా కూడా, అదే వేగంతో, తిరగాలి. తిరుగుతూ ఉండగానే నొక్కాలి. అప్పుడు ఆ వస్తువు స్పష్టంగా వస్తుంది, వెనక ఉన్నదంతా గీతలు గీతలుగా చెరిగిపోతుంది. చెప్పడానికి ఇంతే. ఇప్పటి కెమెరాలో మీట మీద వేలు పెట్టి ఉంచితే చాలు, టపటపా వరసగా పడతాయి, అందులో ఒకటి ఏరుకుంటారు. ఏరుకోండి, తప్పులేదు. కానీ మీరు తీసినవి నా దగ్గరికి తెచ్చి చూపించినప్పుడు నాకు తెలిసిపోతుంది. కెమెరా మంచిదే, నడుమే బిరుసు.

మునిరత్నం అన్న

స్టూడియో ఓనరు మునిరత్నం నాయుడు. నేను అన్నా అనేవాణ్ని. మంచివాడా అంటే ఏం చెప్పను! సెలవు అడిగితే చెవుడొచ్చేది ఆయనకు. ప్రింటులో చిన్న మచ్చ కనిపిస్తే మాత్రం వీధి చివరికి వినబడేలా అరిచేవాడు. పనిచేసినంత కాలం ఆ నోటి నుంచి నేను 'భలే' అనే మాట వినలేదు. ఇప్పుడు పొద్దున లేస్తే మా నాయన తర్వాత తలుచుకునేది ఆయన్నే.

స్టూడియో ముందు గదిలో ఒక పాత ఫోటో ఉండేది. చంద్రగిరి పక్క పల్లెల్లో పశువుల పండగప్పుడు కొమ్ములకు పలకలు కట్టి ఎద్దుల్ని వీధిలో వదులుతారు. అలా పరిగెత్తే ఎద్దు అది. తల, కొమ్ములు, మెడలో గంట స్పష్టంగా ఉన్నాయి. కాళ్లు మాత్రం లేవు. కాళ్లుండాల్సిన చోట పొగలాంటిదేదో ఉంది. వెనక జనమంతా గీతలు. చేరిన కొత్తలో నేను అడిగాను.

"చెడిపోయిన ఫోటో గోడకెందుకు పెట్టినావన్నా?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నీకు తెలిసేదానికి ఇంకా టైముండాదిలే. పోయి ట్రేలు కడుగు పో."

ఫోటోలు తేల్చే ఆ మందు ట్రేలు కడిగాను. కొన్ని సంగతులు చెబితే తెలియవు, తెలిసే రోజు దాకా ట్రేలు కడుగుతూ ఉండాల్సిందే.

రేణిగుంట

అప్పట్లో రేణిగుంట విమానాశ్రయం అంటే చిన్న కట్టడం, ముందు కాస్త పూలతోట, అవతల రన్‌వే, రన్‌వే వెనక కొండ. తిరుపతిలో కొండ అంటే ఏ కొండో చెప్పనక్కరలేదు. విమానాలు తక్కువ. వచ్చేది రెండు పంకాల విమానం. దాన్ని చూడటానికే చుట్టుపక్కల ఊళ్ల నుంచి సద్దిమూటలతో వచ్చేవాళ్లు. లోపల ఫోటో తీయాలంటే అనుమతి ఉండాలి. పెద్దవాళ్లు దర్శనానికి దిగినప్పుడు దండలు వేసే ఫోటోలు మా స్టూడియోనే తీసేది కాబట్టి మాకు ఉండేది.

ఒకరోజు దండల ఫోటోలు అయిపోయి కెమెరా సర్దుకుంటున్నాను. విమానంలో పనిచేసే అమ్మాయి మెట్లు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. నేను తప్పుకుని దారి ఇచ్చాను. ఆమె కదలలేదు.

"అన్నా, నువ్వు గాంధీ రోడ్డు స్టూడియోలో ఉంటావు కదా? నా పదో తరగతి ఫోటో నువ్వే తీసినావు. గడ్డం పైకెత్తమ్మా, గడ్డం పైకెత్తమ్మా అని సంపినావు."

గుర్తుపట్టాను. గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో ఉండే రంగాచార్యులు గారి మనవరాలు వకుళ. ఆ పెద్దాయన జన్మంతా గుడి వంటశాలలో ప్రసాదాలు వండినవారు. తల్లి లేని ఈ పిల్లను ఆయనే పెంచారని వీధంతా చెప్పుకునేది. విమానంలో ఉద్యోగం వచ్చిందని పిల్ల చెప్పిన రోజు నుంచీ ఆయన ఆమెతో మాట్లాడటం మానేశారని కూడా చెప్పుకునేది. మడి ఇంటి పిల్ల ఎవరెవరి ఎంగిలి ప్లేట్లో ఎత్తడమేమిటని వీధి నోళ్లు ఊరికే ఉండలేదు.

"సెలవు మింద వస్తే గోడ తట్టు తిరుక్కోని కూర్చుంటాడన్నా తాత. నాయన మాట్లాడతాడు, తాత మాట్లాడడు. ఆ ఇంట్లో ఇంక ఎట్లా ఉండేది? పోవడమే మానేసినాను" అంది వకుళ. "ఈడ దిగితే ఇల్లు ఆ కనబడే ఊర్లోనే. అందరికీ నమస్కారం చెప్పి దించతా, మళ్లా ఎక్కి తలుపేసుకోని పోతా."

ఆమె నా చేతిలోని కెమెరా వైపు చూసింది.

"విమానం పైకి లేసేటప్పుడు ఒక ఫోటో తీసి మా తాతకు ఇస్తావా?"

"నువ్వు కనబడవమ్మా. కిటికీలు చుక్కల మాదిరి వస్తాయి."

"నేను కనబడక్కర్లేదు. నేను లోపల ఉండానని తాతకు తెలిస్తే సాలు. అది సూసి ఒక్క మాట అనకపోతాడా అని."

అంతమందిని నవ్వుతూ దించే పిల్ల, ముక్కు తుడుచుకుంటూ మెట్లెక్కిపోయింది.

గాల్లో ఆగిన పంకా

తీశాను. ఎండ బాగుంది, కెమెరాలో ఉన్న అన్నిటికంటే ఎక్కువ వేగంలో, సెకనులో ఐదువందలో వంతులో, చటుక్కున నొక్కాను. ప్రింటు చూసి ఉబ్బిపోయాను. కొండ మీద పొదలు కూడా కనిపిస్తున్నాయి. విమానం కత్తిరించి అతికించినట్టుంది. పంకా రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. వకుళ నాయన వరదాచార్యులు వచ్చి తీసుకుపోయారు.

మరుసటి రోజే మళ్లీ వచ్చారు, ముఖం వాడిపోయి.

"మా నాయన చేతికిచ్చినానప్పా. సూసినాడు. బోర్లించి పక్కన పెట్టినాడు. అన్నం ముందర నుంచి లేసిపోయినాడు. ఇంక ఆ పిల్ల మింద ఆయనకు కోపం ఈ జన్మకు పోదు."

మునిరత్నం అన్న ఆ ఫోటో అడిగి తీసుకున్నాడు. భూతద్దం పెట్టి చూశాడు. అరవలేదు. అరవకపోతేనే మాకు భయం.

"వరదన్నా, ఈ పంకా సూడు" అన్నాడు చివరికి. "ఎట్లుండాది?"

"బాగానే ఉండాది. రెక్కలు కనబడతాండాయి."

"అదే. ఆగిపోయి ఉండాది. నేల మింద ఆగింటే సరే. ఇది గాల్లో ఉండాది. లోపల ఆయన మనవరాలుండాది. ఏ తాతకు అన్నం దిగతాదబ్బా? అది కోపమని నీకెవరు చెప్పినారు? భయం!"

వరదాచార్యులు ఆ ఫోటోను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. ఇంట్లో ఉండే మనిషికి తట్టనిది భూతద్దంలో మా ఓనరుకు తట్టింది. "మా నాయనకు భయమా? ఆయన ఎప్పుడూ ఒక్క మాట గూడా..." అని ఆగిపోయారు.

అన్న నా వైపు తిరిగాడు. ఇప్పుడు అరిచాడు. "ఎగిరే విమానాన్ని గాల్లో సంపినావు కదరా గురవా! రా ఈడికి. ఈ ఎద్దు కాళ్లు సూడు. ఏమైనాయి?"

"చెరిగిపోయినాయన్నా."

"అందుకే అది పరిగెత్తతాండాది. కాళ్లు గూడా నిలబెట్టింటే అది మట్టి బొమ్మ. పో, నేర్చుకోని రా. ఆ పిల్ల ఫోటో మళ్లా తీయాల."

నాకు ఆ క్షణంలో సిగ్గూ కోపమూ రెండూ వచ్చాయి. ఫోటో అంటే స్పష్టంగా రావడమే అని ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో తెలియదు, నమ్మేశాను. మీలో చాలామంది ఇప్పటికీ నమ్ముతున్నారు. స్పష్టం అనేది ఒక్క చోట ఉంటే చాలు. అది ఏ చోటో తెలియడమే పని.

బస్సులు, మా నాయన జెండా

మా కెమెరా పైనుంచి గాజులోకి వంగి చూసే రకం. ఆ గాజులో బొమ్మ తారుమారుగా కనిపిస్తుంది. విమానం కుడికి పోతే అందులో ఎడమకు పోతుంది. దాన్ని చూస్తూ తిరగబోతే మనిషి పిచ్చివాడైపోతాడు. రోడ్డు మీద బస్సులు తీయబోతే మొదటి వారమంతా నాకు ఖాళీ రోడ్లే పడ్డాయి. అన్న తిట్టి, గాజు మీది మూత మడిచి, దానికుండే చదరపు కంతలోంచి నేరుగా చూడటం నేర్పించాడు.

ఆయన నన్ను రేణిగుంట రోడ్డు పక్కన నిలబెట్టి, వచ్చే బస్సునల్లా తీయమన్నాడు. ఫిల్ము దండగని సగం రోజులు ఖాళీ కెమెరాతోనే.

"చేతులు ఆడించద్దురా! చేతులు బిగబట్టు, నడుము తిప్పు!"

తిప్పాను. ముందు బస్సు ముక్కు తెగింది, తర్వాత తోక తెగింది. ఎన్నాళ్లకో బస్సు మొత్తం పడింది గానీ అలుక్కుపోయి పడింది.

"నొక్కినాక ఎందుకు నిలబడిపోతాండావు?"

"నొక్కేసినాను కదన్నా."

"నువ్వు నొక్కినావని బస్సు ఆగినాదా?"

ఆ మాట అర్థం కావడానికి నాకు పాకాల పోవాల్సి వచ్చింది. మా నాయన పాకాల జంక్షన్లో పట్టాలు మార్చి, బండ్లకు జెండా చూపే పాయింట్స్‌మన్. ఆ ఆదివారం ఇంటికి పోయి, ఊరికే స్టేషనులో కూర్చున్నాను. కాట్పాడి వైపు పోయే బండి వచ్చింది. నాయన పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాడు. ఇంజను రాకముందే మనిషి మొత్తం అటు తిరిగి ఉన్నాడు. పాదాలు కదపలేదు. ఒక్కొక్క పెట్టెతో పాటు నడుము మెల్లగా తిరుగుతూ వచ్చింది. చివరి పెట్టె దాటిపోయింది, ఆయన మాత్రం ఇంకా తిరుగుతూ అటే చూస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ చూసిన దృశ్యమే, ఎప్పుడూ చూడలేదు.

"పోయినాది కదా నాయనా, ఇంకా ఏం సూస్తావు?"

"యాడన్నా పొగ వస్తాండాదేమో, ఏదన్నా యాలాడతాండాదేమో సూడల్ల కదరా. నా ముందర దాటితే నా పనైపోయినట్టా?"

తిరిగి వచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. పాదాలు బస్సును తీయబోయే చోటికి ఎదురుగా పెట్టాను. నడుము మాత్రం వెనక్కి, బస్సు వచ్చే వైపుకు, మెలితిప్పాను. బస్సు కనిపించగానే మెలిక మెల్లగా వదులుతూ వచ్చాను. ఎదురుగా వచ్చినప్పుడు నొక్కి, నొక్కిన సంగతి మరిచిపోయి ఇంకా తిరిగాను. ఆ బస్సు పడింది. కిటికీలో నిద్రపోతున్న ముసలాయన తలపాగాతో సహా పడింది. చక్రాలు తిరుగుతున్నాయి. నేను రోడ్డు పక్కనే ఎగిరి గంతేశాను. ఎవరన్నా చూసి ఉంటే ఏమనుకున్నారో!

బెల్లం మండీ ఆసామి

చేయి కుదిరాక మొదట తీసిన విమానం చిత్తూరు బెల్లం మండీ ఆసామిది. హైదరాబాదుకు మొదటిసారి విమానం ఎక్కుతూ, తాను ఎక్కిన విమానం ఫోటో కావాలని చెప్పిపోయాడు. ఇప్పుడు వేగం తగ్గించి, సెకనులో ముప్పయ్యో వంతులో తీశాను. పంకాలు రెండు తెల్లని బిళ్లల్లా గుండ్రంగా తిరుగుతున్నాయి. విమానం మీది రాత చదవొచ్చు. ఆయన వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"కొండ యాడప్పా?"

"వెనక గీతలుగా పడినాదన్నా. కెమెరా విమానంతో పాటు తిరగతాది కాబట్టి..."

"తిరుపతిలో నిలబడి స్వామి కొండనే చెరిపేసినావా? దీన్ని మా ఇంట్లో పెడితే మా ఆడోళ్లు నన్నూ ఫోటోనూ కలిపి బయటేస్తారు!"

"నీకు విమానం కావాల్నా, కొండ కావాల్నా?" అన్నాడు మునిరత్నం అన్న.

"రెండూ కావాల."

"రెండూ కావాలంటే పంకా ఆగతాది."

"పంకా ఆగితే నేనెట్లా వచ్చినానబ్బా ఈడికి!"

ఫోటో వదిలేసి వెళ్లిపోయాడు. అన్న దగ్గొచ్చేదాకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బెల్లం వ్యాపారికే ఇంత పట్టింపు ఉంటే, పొద్దున లేచి కొండకు దణ్ణం పెట్టి, జన్మంతా ఆ స్వామికి వండిన మనిషి ఏమంటాడు? రెండూ ఒకే ఫోటోలో నిలబెట్టే దారి లేదా అని అన్నను అడిగాను. పక్క నుంచి పోయే దాన్ని తీసినంత కాలం లేదన్నాడు. ఏదో ఒకటే నిలుస్తుంది, ఏది నిలవాలో ముందే తేల్చుకుని నిలబడాలి.

తేల్చాల్సింది నేను కాదనిపించింది. వకుళ మళ్లీ వచ్చిన రోజు మెట్ల దగ్గరే ఉన్నదున్నట్టు చెప్పాను. వేగంగా తీస్తే కొండ ఉంటుంది, పంకా ఆగుతుంది. మెల్లగా తీస్తే పంకా తిరుగుతుంది, కొండ పోతుంది.

ఆమె కొండ వైపు చూసింది. "తాత కొండకు మొక్కకుండా నీళ్లు గూడా తాగడన్నా."

"మరి ఏం జేద్దాం?"

కాసేపు పైట కొస చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడింది. "పంకా తిరగనీ. ఆయప్పకు అన్నం దిగితే సాలు." రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగింది. "ఇది గూడా బోర్లించి పెడితే ఇంక నేను అడగనన్నా. మద్రాసు తట్టే ఉండిపోతా, ఈ తట్టు డ్యూటీ వద్దని రాసిస్తా."

నేను నా జన్మలో చాలా పెద్దవాళ్లను తీశాను. ఎవరి ముందూ భయపడలేదు. ఆ రోజు విమానం రన్‌వే చివర తిరుగుతుంటే అరచేతులు చొక్కాకు తుడుచుకుని, పాదాలు పాతుకుని, నడుము మెలితిప్పి, చదరపు కంతలో కన్ను పెట్టాను. విమానం కదిలింది. దానితో పాటు కదిలాను. పంకాల హోరు పెరిగింది, ముక్కు లేచింది, చక్రాలు నేల విడిచాయి. నొక్కాను. నొక్కి, మా నాయనలాగా తిరుగుతూనే ఉన్నాను, అది దూరంగా చిన్నదయ్యేదాకా.

ఎర్ర బల్బు వెలుతురులో, ట్రేలో కాగితం మీద ముందు కిటికీల వరస తేలింది. తర్వాత పంకాలు, తిరుగుతూ. చివరికి వెనకంతా అడ్డగీతలు. తడిబట్టతో తుడిచిన పలకలా ఉంది కొండ. అన్న నా భుజం మీదుగా చూసి "ఊఁ" అన్నాడు. ఆయన నోటి నుంచి నేను పొందిన బిరుదు అదొక్కటే.

మిద్దె మీద

ఈసారి నేనే తీసుకుపోయాను. వసారాలోనే వరదాచార్యులు కవరు విప్పి చూసి తల పట్టుకున్నారు. "కొండను తుడిచిపెట్టేసినావు కదప్పా! ఆయనకు ఇది ఎట్లా సూపించేది?"

రంగాచార్యులు గారు లోపలి నుంచి చెయ్యి చాపారు. పొయ్యి సెగకు కమిలి నల్లబడ్డ చేతులు. ఇవ్వక తప్పలేదు. ఆయన ఫోటోను వెలుతురు వైపు పట్టుకుని, కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నారు. బోర్లించలేదు. బొటనవేలితో కిటికీల వరస వెంబడి మెల్లగా రాస్తూ పోయారు.

"దీంట్లో పిల్ల యాడ ఉంటాది?"

"పైకి లేసేటప్పుడు వెనక సీట్లో కూర్చుంటారు స్వామీ. ఈడ."

బొటనవేలు అక్కడే ఆగింది.

"నాయనా, కొండ చెరిగిపోయినాది" అన్నారు వరదాచార్యులు. "మళ్లా తీపిద్దాంలే."

"కొండకేమిరా. అది యాడికి పోతాది? ఆడే ఉంటాది." పెద్దాయన తల ఎత్తలేదు. "పోతాండేది పిల్ల. పిల్ల చెరగలేదు కదా."

ఆయనే మళ్లీ అన్నారు, తనలో తాను అనుకుంటున్నట్టు. "నాకు గూడా ఇట్లనే కనబడతాది."

ఆ మాట మాకు అర్థం కాలేదు. ఇంతలో దూరంగా హోరు వినిపించింది. మధ్యాహ్నపు విమానం. పెద్దాయన ఫోటో పట్టుకునే లేచి, ఆ వయసులో అంత వేగంగా ఎలా ఎక్కారో, మిద్దె మెట్లెక్కారు. మేమిద్దరం వెనకే పోయాం.

పిట్టగోడ దగ్గర ఒకచోట పాదాలు ఊని నిలబడ్డారు. అది ఆయనకు అలవాటైన చోటని చూడగానే తెలిసింది. ఎదురుగా కొండ, ఎండలో మెరుస్తూ. ఆయన అటు చూడలేదు. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని రేణిగుంట వైపు తిరిగి ఉన్నారు. విమానం లేచింది. పాదాలు కదలకుండా ఆయన నడుము దానితో పాటు తిరగడం మొదలుపెట్టింది, మెల్లగా, ఒక్క కుదుపు లేకుండా. కొండ ఆయన చూపు ముందు నుంచి దాటిపోయింది. విమానం కనబడకుండా పోయింది. ఆయన ఇంకా తిరుగుతూనే ఉన్నారు.

నేను నెలల తరబడి రోడ్డు మీద తిట్లు తిని నేర్చుకున్నది ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"రోజూ వస్తావా నాయనా ఈడికి?" అడిగారు వరదాచార్యులు.

"విమానం వచ్చినప్పుడంతా వస్తా. పిల్ల దేంట్లో ఉండాదో నాకెట్లా తెలుస్తాది? అన్నిట్నీ సూస్తా."

"మరి ఇంటికొస్తే మాట్లాడవేంది?"

"మాట్లాడితే ఏడుపొస్తాదిరా." ఆయన పిట్టగోడ పట్టుకున్నారు. "నేను ఏడిస్తే అది ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటాది. నా మనవరాలు నాకు తెలీదా? అందుకే గోడ తట్టు తిరిగేది."

వరదాచార్యులు పిట్టగోడ మీద కూర్చుండిపోయారు. నేను కళ్లు తుడుచుకున్నాను. కిందికి దిగేటప్పుడు పెద్దాయన నా చెయ్యి పట్టుకుని అడిగారు. "ఈసారి అది వచ్చేది ఎప్పుడో కనుక్కోని చెప్తావా అప్పా? నన్ను గూడా తోడుకోని పోతావా?"

ఫోటోగ్రఫీ నాకేమిచ్చిందని ఎవరైనా అడిగితే ఆ మిద్దె గుర్తొస్తుంది. తిట్టి నేర్పిన మునిరత్నం అన్నకు, జెండా దించని మా నాయనకు, ఫోటో బోర్లించి నా కళ్లు తెరిపించిన ఆ పెద్దాయనకు నేను జన్మంతా రుణపడి ఉన్నాను. మీకూ అలాంటి వాళ్లు దొరకాలి. అంతకంటే నేను చెప్పే చిట్కా ఏమీ లేదు.

వకుళ వచ్చే రోజు ఆయన్ను తీసుకుపోయాను. ఉతికిన పంచె, ఎర్రగా దిద్దిన తిరునామం, చేతిలో ఆకులో కట్టిన పులిహోర పొట్లం. చూడటానికొచ్చిన జనం మధ్య కటకటాల దగ్గర నిలబడ్డారు. వకుళ మెట్ల మీద అందరికీ నమస్కారం చెప్పి దించి, అలవాటుగా వెనక్కి తిరగబోయి, కటకటాల వైపు చూసింది. పరుగెత్తుకుంటూ వచ్చింది. వచ్చి, కమ్మీలు పట్టుకుని నిలబడింది.

"సన్నబడినావే" అన్నారాయన. కమ్మీల సందులోంచి పొట్లం ఇచ్చారు.

పిల్లకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. "ఫోటో సూసినావా తాతా? నేనేమీ కనబడను కదా దాంట్లో."

"ఎందుకు కనబడవు?" అన్నారు రంగాచార్యులు గారు. కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చారు. "బాగా పడినావు."